పాఠకుల ప్రశ్నలు – జవాబులు: మాన్యువళ్లకు ఏ వెర్షన్ కంట్రోల్?

ప్రశ్న: మేము ఆరుగురం టెక్నికల్ రైటర్లం. పంపులు, కంప్రెసర్లు తయారుచేసే సంస్థకు ఇన్‌స్టలేషన్ మాన్యువళ్లు, సర్వీసు మాన్యువళ్లు రాస్తుంటాం. దాదాపు 40 మాన్యువళ్లు, అన్నీ వర్డ్‌లోనే, ఒక షేర్డ్ ఫోల్డరులో ఉంటాయి. ఫైలు పేరు చివర "ఫైనల్", "ఫైనల్ కరెక్టెడ్", "ఫైనల్ కరెక్టెడ్ 2" అని తగిలించుకుంటూ ఇన్నాళ్లు నెట్టుకొచ్చాం. పోయిన నెలలో ఇద్దరు ఒకే మాన్యువల్‌ను చెరొక కాపీ తీసుకుని దిద్దడంతో ఒకరి వారం రోజుల పని గల్లంతయింది. సాఫ్ట్‌వేర్ విభాగంవారు గిట్ పెట్టుకోమంటున్నారు. మా సీనియర్ ఒకరు సబ్‌వెర్షనే మేలంటున్నారు. మేనేజరు గారు మాత్రం షేర్‌పాయింట్ ఉండగా ఇంకొకటి ఎందుకంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ముగ్గురూ తమ తమ అనుభవం మేరకు సరిగానే చెప్పారు గాని, ముగ్గురూ సాఫ్ట్‌వేర్ పేరు దగ్గరే ఆగిపోయారు. గిట్, సబ్‌వెర్షన్ రెండూ ఫైళ్లలో జరిగిన మార్పుల చరిత్రను దాచే వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్లు; షేర్‌పాయింట్ సంస్థలో పత్రాలు పంచుకోవడానికి మైక్రోసాఫ్ట్ తయారుచేసినది. మీ ఫైళ్లు ఏ రూపంలో ఉన్నాయి, వాటిని ఎవరెవరు ముట్టుకుంటారు అన్న రెండు సంగతులు తేలితే పేరు దానంతట అదే తేలుతుంది. పాత ప్రతులను దాచుకోవడమే మీ అవసరమైతే ఇంత ఆలోచన అక్కర లేదు, తేదీలు వేసిన ఫోల్డర్లు చాలు. నిన్నటి ప్రతికీ ఇవాళ్టి ప్రతికీ తేడా ఏమిటో, ఆ తేడాను ఎవరు, ఎందుకు తెచ్చారో చదువుకునే వీలు కల్పించినప్పుడే వెర్షన్ కంట్రోల్ రచయితకు పనికొస్తుంది. నేను ఏ సాఫ్ట్‌వేర్‌ను చూసినా ముందు ఈ గీటురాయి మీదే గీసి చూస్తాను.

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. పంపు మాన్యువల్‌లో బోల్టు బిగింపు విలువ మారిందనుకోండి. ఆ మాన్యువల్ సాదా టెక్స్ట్ రూపంలో, అంటే మామూలు అక్షరాల మధ్య చిన్న గుర్తులతో శీర్షికలూ జాబితాలూ రాసుకునే మార్క్‌డౌన్‌లోనో ఆస్కీడాక్‌లోనో ఉంటే, గిట్ అయినా సబ్‌వెర్షన్ అయినా తేడాను ఇలా చూపిస్తుంది:

− ఫ్లాంజి బోల్టులను 12 న్యూటన్ మీటర్ల టార్క్‌తో బిగించాలి.
+ ఫ్లాంజి బోల్టులను 21 న్యూటన్ మీటర్ల టార్క్‌తో బిగించాలి.

300 పేజీల మాన్యువల్‌లో మారింది ఈ ఒక్క వాక్యమేనని సమీక్షించేవారికి అర నిమిషంలో తెలిసిపోతుంది. 12 కాస్తా 21 కావడం డిజైన్ విభాగం చేసిన మార్పా, టైపింగులో అంకెలు తారుమారయ్యాయా అని అడిగే అవకాశమూ అక్కడే దొరుకుతుంది. అదే మార్పును వర్డ్ ఫైలులో చేసి గిట్‌ను తేడా చూపమంటే, ఈ రెండు బైనరీ ఫైళ్లు వేరువేరుగా ఉన్నాయని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. ఇందులో గిట్ తప్పేమీ లేదు. వర్డ్ దాచే డాక్స్ (docx) ఫైలు నిజానికి ఒక జిప్ పొట్లం. నమ్మకం కుదరకపోతే ఒక ఫైలును కాపీ చేసి, దాని ఎక్స్‌టెన్షన్‌ను జిప్ అని మార్చి తెరిచి చూడండి. లోపల వర్డ్ అనే ఫోల్డరు, అందులో మీ పాఠమంతా ఉన్న ఎక్స్‌ఎంఎల్ ఫైలు, బొమ్మలకు వేరే ఫోల్డరు కనబడతాయి. పొట్లం కట్టేటప్పుడు అంతా కుదించుకుపోతుంది కాబట్టి లోపల ఒక్క అంకె మారినా పైకి కనిపించే బైట్లు చాలామట్టుకు మారిపోతాయి. పొట్లం విప్పి ఎక్స్‌ఎంఎల్‌నే పోల్చుదామన్నా సుఖం లేదు, ఎందుకంటే ఏ ముక్క ఏ విడతలో దిద్దబడిందో గుర్తుపెట్టుకోవడానికి వర్డ్ తన సొంత సంఖ్యలను ఆ ఎక్స్‌ఎంఎల్ నిండా చల్లుతుంది. మీరు మార్చిన ఒక్క మాట ఆ సంఖ్యల రొదలో వినబడదు.

దీనికి ఒక దారి ఉంది. పాన్‌డాక్ అనే ఉచిత సాధనాన్ని గిట్‌కు జతచేసి, తేడా చూపే ముందు డాక్స్ ఫైలును టెక్స్ట్‌గా మార్చుకోమని చెప్పవచ్చు. అప్పుడు మాటల తేడా చక్కగానే కనబడుతుంది. అయితే ఈ అమరిక ఎవరి కంప్యూటరులో వారు చేసుకోవలసిందే. పైగా అది చూపడానికే గాని కలపడానికి పనికిరాదు. ఇద్దరు చేసిన మార్పులను ఒకే డాక్స్ ఫైలులోకి కలపడం గిట్‌కు చేతకాదు, ఏదో ఒక ప్రతిని ఉంచి రెండోదాన్ని వదిలెయ్యమంటుంది. మీకు పోయిన నెలలో జరిగింది సరిగ్గా ఇదే. గిట్ పెట్టుకున్నా ఆ వారం పని మెర్జ్ కాదు, అంటే రెండో ప్రతితో కలవదు. పాత ప్రతి మాత్రం చరిత్రలో మిగిలి ఉంటుంది కాబట్టి, వెతికి తీసుకుని చేత్తో మళ్లీ దిద్దుకునే వీలుంటుంది.

కలపలేని ఫైళ్లకు కావలసింది తాళం. ఒకరు తెరిచి దిద్దుతున్నంతసేపు మరొకరు దిద్దకుండా ఆపే ఏర్పాటు అన్నమాట. సబ్‌వెర్షన్‌లో ఇది మొదటినుంచీ కాకపోయినా 2005లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి ఉంది. ఫైలుకు నీడ్స్-లాక్ అనే గుణాన్ని తగిలిస్తే, ఆ ఫైలు ప్రతి రచయిత కంప్యూటరులోనూ చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది. దిద్దాలంటే ముందు లాక్ తీసుకోవాలి, తీసుకున్నవారు దిద్ది కమిట్ చేయగానే, అంటే మార్పును చరిత్రలోకి ఎక్కించగానే, లాక్ దానంతట అదే విడిపోతుంది. రెండోవారు లాక్ అడిగితే అది ఫలానావారి దగ్గర ఉందని సర్వరు చెబుతుంది. 2013 నాటి 1.8 వెర్షన్ నుంచి, కొత్తగా చేరే ప్రతి డాక్స్ ఫైలుకూ ఈ గుణం తనంతట తాను అంటుకునేలా రిపాజిటరీలోనే (ఫైళ్లూ వాటి చరిత్రా ఉండే ఖజానాలోనే) ఏర్పాటు చేసుకోవచ్చు. ఆ పని మొదటి రోజే చేయండి. మనిషి గుర్తుపెట్టుకుని చేయవలసిన పనిగా వదిలేస్తే రెండో వారానికే మరిచిపోతారు.

లాక్‌కూ ఒక ఇబ్బంది ఉంది, అది నాకు స్వయంగా ఎదురైంది. లోగడ నేను పనిచేసిన ఒక చోట సహోద్యోగి ఒకరు ముఖ్యమైన సర్వీసు మాన్యువల్‌ను లాక్ చేసి, కమిట్ చేయకుండానే 12 రోజుల సెలవు మీద వెళ్లారు. విడుదల మూడు రోజుల్లో ఉంది. లాక్‌ను బలవంతంగా విడిపించే సౌకర్యం సబ్‌వెర్షన్‌లో ఉంది, మేము విడిపించాం కూడా; కాని ఆయన కంప్యూటరులో సగం దిద్దిన ప్రతి ఒకటి ఉండిపోయింది, ఆయన తిరిగివచ్చాక ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని కలపడానికి మాకు ఒకటిన్నర రోజు పట్టింది. సాయంత్రం ఇంటికి వెళ్లేముందు లాక్‌లన్నీ విడిచి వెళ్లాలన్న నియమం ఆ తరువాతే పెట్టుకున్నాం.

గిట్‌కు తనంతట తనకు లాక్ లేదు. ఎవరి కంప్యూటరులో వారికి చరిత్ర మొత్తం ఉండేలా, సర్వరుతో సంబంధం లేకుండానే కమిట్ చేసుకునేలా దాన్ని తయారుచేశారు కనుక, లాక్ అనే ఆలోచన దాని స్వభావానికే ఎదురు. 2005 ఏప్రిల్‌లో లినస్ టోర్వాల్డ్స్ దాన్ని రాసింది లినక్స్ కెర్నల్ కోసం. అక్కడ ఉన్నదంతా టెక్స్ట్. ఎక్కడెక్కడినుంచో వచ్చిపడే మార్పులను త్వరగా కలపడమే అక్కడి అవసరం. పెద్ద ఫైళ్ల కోసం తరువాత వచ్చిన ఎల్‌ఎఫ్‌ఎస్ అనే అనుబంధంలో లాక్ సౌకర్యం చేరింది గాని, దానికి సర్వరు మద్దతు కావాలి, రచయితలందరూ దాన్ని ఇన్‌స్టాల్ చేసుకోవాలి. వర్డ్ ఫైళ్ల కోసమే ఇంత హంగు చేసుకోవడం నాకు అంతగా నచ్చదు.

ఇక షేర్‌పాయింట్. ఒక్కొక్క ఫైలు పాత ప్రతులను అది బాగానే దాచుతుంది, దిద్దేముందు ఫైలును తన పేరిట తీసుకోవడం (చెకౌట్) తప్పనిసరి చేస్తే లాక్ పని కూడా చేస్తుంది. లేఖలకు, టెండరు పత్రాలకు అది చాలు. మాన్యువల్ సంగతి వేరు. ఒక మాన్యువల్ అంటే పది అధ్యాయాల ఫైళ్లు, 60 బొమ్మలు, ఒక టెంప్లేట్. ఫలానా యంత్రం ఫలానా మోడల్‌తో పాటు వెళ్లిన మాన్యువల్‌లో వీటిలో ఏది ఏ ప్రతి అన్న ప్రశ్నకు ఫైలు ఫైలుకూ వేరే వెర్షన్ సంఖ్య ఉన్న చోట జవాబు వెతకడం కష్టం. సబ్‌వెర్షన్‌లో రివిజన్ సంఖ్య రిపాజిటరీ మొత్తానికి ఒక్కటే: 1482వ రివిజన్ అంటే ఆ క్షణాన ఉన్న ఫైళ్లన్నీ అని అర్థం. గిట్‌లో ఒక కమిట్‌కూ అదే అర్థం. ఆ క్షణానికి ఒక ట్యాగ్ (పేరున్న గుర్తు) వేసి పెట్టుకుంటే, అయిదేళ్ల తరువాత సర్వీసు ఇంజనీరు ఫోను చేసినప్పుడు సరిగ్గా ఆయన చేతిలో ఉన్న మాన్యువల్‌నే మీరూ తెరిచి చూడగలరు.

కాబట్టి మీరు వర్డ్‌లోనే కొనసాగుతారంటే సబ్‌వెర్షన్ పెట్టుకోండి. విండోస్‌లో టార్టాయిస్ ఎస్‌వీఎన్ వేసుకుంటే, డాక్స్ ఫైలు మీద తేడా చూపమన్నప్పుడు అది వర్డ్‌లోని పోలిక సౌకర్యాన్నే పిలుస్తుంది. మాట మాటకూ తేడా రంగుల్లో కనిపిస్తుంది, కమాండ్లు ఏవీ నేర్చుకోనక్కర లేదు. సబ్‌వెర్షన్ పాతదైపోయిందని ఎవరైనా అంటే పట్టించుకోకండి. 2004లో 1.0 వెర్షన్ వచ్చిన మాట నిజమే, కాని ఈనాటికీ అది అపాచీ ఫౌండేషన్ నీడలో నడుస్తున్న ప్రాజెక్టు. ఒకటి రెండేళ్లలో మాన్యువళ్లను టెక్స్ట్ రూపంలోకి మార్చే ఉద్దేశం గట్టిగా ఉంటే మాత్రం నేరుగా గిట్‌కే వెళ్లండి, ఒక చిన్న మాన్యువల్‌తో మొదలుపెట్టండి, మిగతా 39 మాన్యువళ్లను దాని అనుభవం చూసుకుని కదిలించండి. సబ్‌వెర్షన్‌లో ఉన్న చరిత్రను తరువాత గిట్‌లోకి తెచ్చుకునే సాధనాలు ఉన్నాయి కాబట్టి, ఇవాళ ఒకటి ఎంచుకుంటే జీవితాంతం దానికే కట్టుబడాలన్న భయం అక్కర లేదు.

ఏది ఎంచుకున్నా కమిట్ చేసేటప్పుడు రాసే సందేశాన్ని నిర్లక్ష్యం చేయకండి. "మార్పులు" అని రాసిన సందేశం ఎవరికీ ఉపయోగపడదు. "పంపు మాన్యువల్, 7వ అధ్యాయం: ఫ్లాంజి బోల్టు టార్క్ 12 నుంచి 21కి, డిజైన్ మార్పు ఉత్తర్వు 114 ప్రకారం" అని రాస్తే, రేపు ఆ అంకె మీద వివాదం వచ్చినప్పుడు మిమ్మల్ని కాపాడేది ఆ ఒక్క వరుసే.

ప్రశ్న: మేము ఏడాది క్రితమే మార్క్‌డౌన్‌కూ గిట్‌కూ మారాం. కాని సమీక్షలో ఒక కామా మార్చినా పేరా మొత్తం ఎర్రగా, పచ్చగా కనిపిస్తోంది. ఇద్దరు ఒకే పేరాలో వేరువేరు చోట్ల దిద్దినా కాన్‌ఫ్లిక్ట్ (రెండు మార్పులనూ కలపలేనన్న హెచ్చరిక) వస్తోంది. కొన్నిసార్లు ఏమీ మార్చని ఫైలు కూడా మొత్తంగా మారినట్టు చూపిస్తోంది. సాఫ్ట్‌వేర్ తప్పుగా ఎంచుకున్నామా?

జవాబు: సాఫ్ట్‌వేర్ సరైనదే, మీ ఫైళ్లు దానికి అనువుగా లేవు. గిట్ దృష్టిలో ఫైలు అంటే వరుసల దొంతర. పేరా మొత్తాన్ని ఎంటర్ కొట్టకుండా ఒకే వరుసగా రాస్తే, దానికి ఆ పేరా ఒకే వరుస. అందులో కామా మారితే వరుస మారినట్టే. మరికొందరు 80 అక్షరాలకు ఒకసారి వరుస విరిచే ఎడిటర్ వాడతారు. అక్కడ ఇంకో చిక్కు: మొదటి వరుసలో ఒక మాట చేర్చగానే ఎడిటర్ కింది వరుసలన్నిటినీ మళ్లీ సర్దుతుంది, చదివేవారికి ఒక మాట మారితే గిట్‌కు ఎనిమిది వరుసలు మారతాయి.

దీనికి మందు చాలా పాతది: ఒక్కొక్క వాక్యాన్ని ఒక్కొక్క వరుసలో రాయడం. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తొలినాళ్లలో, 1974లోనే, బ్రయన్ కెర్నిఘాన్ పత్రాలు తయారుచేసేవారికి ఈ సలహా ఇచ్చారు. గిట్ పుట్టడానికి ముప్పై ఏళ్ల ముందు మాట అది. మార్క్‌డౌన్‌లో గాని ఆస్కీడాక్‌లో గాని మామూలుగా వెంటవెంటనే ఉన్న వరుసలు ఒకే పేరాగా కలిసిపోయి అచ్చవుతాయి కనుక పాఠకుడికి ఏ తేడా తెలియదు. రాసేవారికి మాత్రం చాలా తేడా తెలుస్తుంది. వాక్యం తెర మీద నాలుగు వరుసలు దాటి పొడుగ్గా సాగితే కంటికి వెంటనే తగులుతుంది, విడగొట్టాలనిపిస్తుంది. వాక్యాల క్రమం మార్చాలంటే ఆ వరుసను పట్టుకుని పైకో కిందికో జరిపితే చాలు. నా రాత ఎంతో కొంత బాగుపడిందంటే అందులో ఈ అలవాటుకు పెద్ద వాటా ఇస్తాను.

కాన్‌ఫ్లిక్టులు దీంతో పూర్తిగా పోవు, తగ్గుతాయి. ఇద్దరు దిద్దిన వాక్యాలు పక్కపక్క వరుసల్లోనే ఉంటే గిట్ ఇప్పటికీ మీ నిర్ణయం అడుగుతుంది. అది అడగడమే మంచిది. పక్కపక్కనున్న రెండు సూచనలను ఇద్దరు వేరువేరుగా మార్చినప్పుడు, రెండూ కలిపి చదివితే అర్థం చెడలేదని ఒక మనిషి చూడవలసిందే. "వాల్వు తెరవండి" అన్న వాక్యాన్ని ఒకరు కిందికి జరిపి, "మోటారు ఆన్ చేయండి" అన్నదాన్ని మరొకరు పైకి జరిపితే, వాటిని అడగకుండా కలిపే సాఫ్ట్‌వేర్ నాకు వద్దు.

పాత ఫైళ్లను ఇలా విరగ్గొట్టాలంటే ఆ పనిని వేరే కమిట్‌గా, అందులో మరే మార్పూ లేకుండా చేయండి. విరవడమూ దిద్దడమూ ఒకే కమిట్‌లో కలిస్తే, ఆ కమిట్‌ను సమీక్షించడం ఎవరి తరమూ కాదు. ఈలోగా తేడా చూపే గిట్ డిఫ్ కమాండుకు వర్డ్-డిఫ్ (ఇక్కడ వర్డ్ అంటే మాట) అనే ఆప్షన్ ఇచ్చి చూడండి. వరుసలకు బదులు మాటలను పోల్చి, మారిన మాటను మాత్రమే గుర్తించి చూపిస్తుంది. మామూలుగా అది ఖాళీ స్థలాలను బట్టే మాటలను విడదీస్తుంది కనుక తెలుగు పాఠానికీ బాగానే పనిచేస్తుంది.

ఏమీ మార్చకుండానే ఫైలు మొత్తం మారినట్టు చూపుతోందంటే అది దాదాపు ఎప్పుడూ వరుస చివరల గొడవే. విండోస్ వరుస ముగింపుకు రెండు అక్షరాలు వాడుతుంది, లినక్స్, మ్యాక్ ఒకటే వాడతాయి. కంటికి కనిపించవు గాని, ఫైలులోని ప్రతి వరుస చివరా ఆ అక్షరం మారితే ప్రతి వరుసా మారినట్టే. రిపాజిటరీలో గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి, టెక్స్ట్ ఫైళ్లన్నిటినీ ఒకే పద్ధతిలో దాచమని రాసుకుంటే అందరికీ ఒకేసారి సరిపోతుంది. ఎవరి కంప్యూటరు సెట్టింగు మీదా ఆధారపడనక్కర లేదు.

మీరు తెలుగులోనూ మాన్యువళ్లు రాస్తుంటే ఇంకో కనిపించని తేడా గురించి చెప్పాలి. "టీమ్" అని పొల్లుతో ముగిసే మాట తరువాత కొన్ని కీబోర్డులు జోడింపును ఆపే ఒక అదృశ్య అక్షరాన్ని చేరుస్తాయి, కొన్ని చేర్చవు. తెర మీద రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి, గిట్ మాత్రం వేరు వేరంటుంది. వెతికితే ఒకటి దొరికి ఒకటి దొరకదు. ఐత్వం గుర్తుదీ ఇదే తంతు: యూనికోడ్‌లో దాన్ని ఒకే అక్షరంగా రాయవచ్చు, ఎత్వం గుర్తూ ఐత్వపు పొడిగింపు గుర్తూ కలిపి రెండుగానూ రాయవచ్చు, రెండూ సమానమేనని యూనికోడే చెబుతుంది. సమానమని గిట్‌కు తెలియదు. కమిట్‌కు ముందు ఫైళ్లన్నిటినీ ఒకే రూపంలోకి మార్చే చిన్న స్క్రిప్టును మీ సాఫ్ట్‌వేర్ విభాగం అరగంటలో రాసి ఇవ్వగలదు. ఫైళ్ల పేర్లు కూడా తెలుగులో పెట్టుకుంటే గిట్ వాటిని అంకెల గొలుసుగా చూపించి బెదరగొడుతుంది. కోట్‌పాత్ అనే సెట్టింగును ఆపేస్తే పేర్లు మామూలుగా కనిపిస్తాయి.

ప్రశ్న: స్క్రీన్‌షాట్లు, డ్రాయింగులు, తయారైన పీడీఎఫ్‌లు అన్నీ రిపాజిటరీలోనే పెట్టాలా? మాది ఇప్పటికే చాలా బరువెక్కింది.

జవాబు: చేత్తో తయారుచేసినది లోపల ఉండాలి, యంత్రం మళ్లీ తయారు చేయగలిగినది బయట ఉండాలి. ఈ లెక్కన పీడీఎఫ్ బయటిదే. మూలం నుంచి ఎప్పుడైనా మళ్లీ తీసుకోవచ్చు. కస్టమరుకు వెళ్లిన ప్రతిని యథాతథంగా భద్రపరచాలని మీ సంస్థ నియమమైతే, అందుకు విడుదలల ఫోల్డరు వేరుగా ఉంచుకోండి.

గిట్‌లో బరువు ఎందుకు పెరుగుతుందంటే, రిపాజిటరీని క్లోన్ చేసిన (మొత్తంగా నకలు తీసుకున్న) ప్రతివారికీ ఇవాళ్టి బొమ్మతో పాటు ఆ బొమ్మ పాత ప్రతులన్నీ వస్తాయి. తీసేసిన బొమ్మ కూడా చరిత్రలో ఉండిపోతుంది. ఒక స్క్రీన్‌షాట్‌ను 20 సార్లు మార్చితే 20 ప్రతులూ అందరి డిస్కుల్లో ఉంటాయి. గిట్ రిపాజిటరీలను ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైలును మామూలుగా తీసుకోదు. పైన చెప్పిన ఎల్‌ఎఫ్‌ఎస్ ఇక్కడ అక్కరకు వస్తుంది: రిపాజిటరీలో కొన్ని వరుసల చీటీ మాత్రమే ఉంచి, అసలు ఫైలును సర్వరులో వేరుగా దాచి, కావలసిన ప్రతిని మాత్రమే తెస్తుంది. దాన్ని మొదట్లోనే పెట్టుకోవాలి. చరిత్ర బరువెక్కాక పెట్టుకుంటే పాత చరిత్రను తిరగరాయాలి, అప్పుడు అందరూ మళ్లీ క్లోన్ చేసుకోక తప్పదు. సబ్‌వెర్షన్‌లో పాత ప్రతులు సర్వరులోనే ఉంటాయి కనుక ఈ బాధ తక్కువ, అయితే ప్రతి ఫైలుకూ మార్చని నకలు ఒకటి మీ డిస్కులో పెట్టుకోవడం దాని మామూలు పద్ధతి, అందువల్ల చోటు రెట్టింపు పడుతుంది.

వీలైన డ్రాయింగులను ఎస్‌వీజీలో గీయండి. ఫ్లోచార్టులకు ప్లాంట్‌యూఎంఎల్, మెర్మెయిడ్ లాంటివి ఉన్నాయి. ఇవన్నీ టెక్స్టే కాబట్టి బొమ్మలో ఏ గీత మారిందో కూడా తేడాలో తెలుస్తుంది.

ప్రశ్న: మా సాఫ్ట్‌వేర్ 2.4 వెర్షన్ కొందరు కస్టమర్ల దగ్గర, 3.0 మరికొందరి దగ్గర ఉంది. రెండింటి మాన్యువళ్లనూ నడపాలి. మాన్యువల్‌ను కోడ్ ఉన్న రిపాజిటరీలోనే పెట్టమని ఒకరు, వేరుగా ఉంచమని ఒకరు సలహా ఇస్తున్నారు. అనువాదకులు బయటి సంస్థవారు.

జవాబు: మీరు చివర్లో రాసిన అనువాదకుల మాటే ఇక్కడ నిర్ణయిస్తుంది. గిట్‌లో చదివే అనుమతి రిపాజిటరీ మొత్తానికి ఒక్కటే. ఒక ఫోల్డరు చూపించి ఇంకొకటి దాచడం దానికి రాదు. మాన్యువల్ కోడ్‌తో పాటు ఉంటే అనువాదకులకు కోడ్ కూడా ఇచ్చినట్టే. సబ్‌వెర్షన్‌లోనైతే ఫోల్డరు ఫోల్డరుకూ అనుమతి వేరుగా ఇవ్వవచ్చు, ఒక్క ఫోల్డరునే తమ కంప్యూటరుకు తెచ్చుకోనూ (చెకౌట్ చేసుకోనూ) వచ్చు. గిట్ వాడుతున్నారు కనుక మాన్యువల్‌ను వేరే రిపాజిటరీలో పెట్టండి. బయటివారు ఎవరూ లేకపోయుంటే నేను కలిపే ఉంచమనేవాణ్ని. కోడ్ మార్పూ మాన్యువల్ మార్పూ ఒకే పుల్ రిక్వెస్టులో (మార్పును చూసి చేర్చుకోమని పంపే అభ్యర్థనలో) వస్తే, మెనూ పేరు మారిన సంగతి రచయితకు మూడు వారాల తరువాత వేరే ఎవరి ద్వారానో తెలియవలసిన దుస్థితి ఉండదు.

2.4కు ఒక బ్రాంచ్ (విడిగా సాగే మార్పుల పాయ), 3.0కు ఒక బ్రాంచ్ ఉంచి, విడుదలైన ప్రతిసారీ ట్యాగ్ వేయండి. రెండింటికీ వర్తించే తప్పు దొరికితే దాన్ని ముందు పాత బ్రాంచ్‌లో దిద్ది కొత్తదానిలోకి మెర్జ్ చేయడం మేలు. కొత్తదానిలో దిద్ది, తరువాత ఆ ఒక్క మార్పునే ఏరుకుని (చెర్రీ-పిక్ చేసి) పాతదానికి తేవచ్చు గాని, తేవడం మరిచిపోయినా గుర్తుచేసేవారు ఎవరూ ఉండరు. పాతదాన్ని కొత్తదానిలోకి మెర్జ్ చేసే పద్ధతిలో, మిగిలిపోయిన మార్పు ఏదైనా ఉంటే తరువాతి మెర్జ్‌తో దానంతట అదే వచ్చేస్తుంది. 2.4కు మాత్రమే వర్తించే మార్పు 3.0లోకి పొరపాటున వచ్చే ప్రమాదం ఇందులో ఉంది, మెర్జ్‌ను కళ్లు మూసుకుని ఒప్పుకోకండి.

రెండు వెర్షన్ల మధ్య తేడా పది పదిహేను పేరాలకు మించకపోతే బ్రాంచ్‌లు కూడా అక్కర లేదు. ఆస్కీడాక్, డీటా (DITA అనే ఎక్స్‌ఎంఎల్ రూపం) లాంటి రూపాల్లో ఒకే మూలంలో "ఇది 3.0కు మాత్రమే" అని షరతు పెట్టి రాసుకునే వీలుంది. షరతులు పేజీకి నాలుగైదు దాటాయంటే మాత్రం ఆ మూలాన్ని చదవడం రచయితకే కష్టమవుతుంది. అప్పుడు బ్రాంచ్‌కే వెళ్లండి.

ప్రశ్న: నేను ఒక్కణ్నే మాన్యువళ్లు రాసుకునే ఫ్రీలాన్సర్ని. నాకు ఇదంతా అవసరమా? మెర్క్యూరియల్, ఫాసిల్ అనే పేర్లు కూడా విన్నాను.

జవాబు: ఒక్కరే అయినా అవసరమే, ఎందుకంటే ఆర్నెల్ల కిందటి మీరు కూడా ఒక విధంగా వేరే రచయితే. సర్వరు ఏమీ అక్కర లేదు. రాసుకునే ఫోల్డరులో గిట్ ఇనిట్ అన్న ఒక్క కమాండుతో పని మొదలవుతుంది. మెర్క్యూరియల్ కూడా గిట్ పుట్టిన 2005లోనే పుట్టింది, నేర్చుకోవడం తేలిక, కాని 2020లో బిట్‌బకెట్ అనే ఆన్‌లైన్ రిపాజిటరీ సేవ దాన్ని వదిలేశాక ఆతిథ్యమిచ్చే చోట్లు బాగా తగ్గాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి సిఫారసు చేయలేను. ఫాసిల్ ముచ్చటైనది. ఎస్‌క్యూలైట్ డేటాబేసును రాసిన రిచర్డ్ హిప్ తయారుచేశారు, చరిత్ర మొత్తం ఒకే ఫైలులో ఉంటుంది, వికీ, తప్పుల పట్టీ అందులోనే కలిసి వస్తాయి. ఒంటరిగా పనిచేసేవారికి బాగానే సరిపోతుంది, రేపు క్లయింటు గిట్ రిపాజిటరీ ఇవ్వమంటే మాత్రం మార్చి ఇవ్వవలసి వస్తుంది.

ఒక్క సంగతి చూసుకోండి. గిట్ పెట్టుకున్నాను కదా, బ్యాకప్ ఉన్నట్టే అని చాలామంది అనుకుంటారు. చరిత్ర అంతా ఆ ఫోల్డరు లోపలే, దాచి ఉంచిన మరో ఫోల్డరులో ఉంటుంది. డిస్కు చెడినా, ఫోల్డరును పొరపాటున చెరిపేసినా మాన్యువల్‌తో పాటు చరిత్రా పోతుంది. ఇంకో కంప్యూటరుకో, బయటి డిస్కుకో, ఆన్‌లైన్ రిపాజిటరీకో రోజూ పని ముగించేటప్పుడు పుష్ చేయండి, అంటే మీ చరిత్రను అక్కడికి పంపండి.